గుఱక గాఢనిద్రకు గుఱుతా?

మన యిండ్లలో గుఱకకున్న మర్యాద మఱి యే రోగమునకును లేదు. పడుకొన్న రెండు నిమిషములకే గుఱక పెట్టు మనుష్యుని చూచి, "అదృష్టవంతుడు, చీకు చింత లేని నిద్ర" అందురు. ఆ ధ్వనికి గోడలు అదరుచున్నను పిల్లలు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొని నవ్వుకొందురే గాని అందు కీడును శంకింపరు. చుట్టములు వచ్చినప్పుడు కుంభకర్ణుని ప్రస్తావన తప్పదు. అయితే ఇది యింటి యజమాని గుఱక సంగతి. ఇల్లాలి గుఱక వేఱు. అది పరిహాసమునకు గూడ పనికిరాదు. విన్నవారు విననట్లుందురు. ఆడుది నిద్రలో రంపపుకోత వంటి చప్పుడు చేయుట ఏదో మర్యాద తప్పుట యైనట్లు ఇంటిల్లిపాదియు మౌనము వహించును. ఆ మౌనమును గుఱించియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నాకిప్పుడు ఏబది నాలుగేండ్లు. బాలికల పాఠశాలలో చరిత్రము బోధించుచున్నాను. గడచిన ఐదు నెలలుగా రాత్రి పడుకొనునప్పుడు ముక్కునకు మెత్తని సిలికాను మాస్కు తగిలించుకొని, మంచము ప్రక్కనున్న చిన్న యంత్రము నుండి గొట్టము ద్వారా వచ్చు గాలిని పీల్చుచు నిద్రించుచున్నాను. ఆ యంత్రమును సీపాప్ అందురు. దానితో నింకను పూర్తి స్నేహము కుదిరినదని చెప్పజాలను గాని, వైరము మాత్రము తీఱినది.

అంతకు ముందు నా స్థితి యిది. తెల్లవాఱి లేచునప్పటికి తల దిమ్ముగా నుండెడిది. రాత్రి మూడు నాలుగు మార్లు మూత్రమునకు లేవవలసి వచ్చెడిది. జవాబుపత్రములు దిద్దుచు, కలము చేతనుండగనే కునికెడిదానను. రక్తపుపోటునకు రెండు మాత్రలు మ్రింగుచున్నను అది దిగెడిది కాదు. దీనికి తలకొక కారణము చెప్పిరి. ఇంటిపనియు బడిపనియు ఒక్కతె మోయుట యని కొందఱు, ముట్లుడిగిన వయసని కొందఱు, రక్తము తక్కువ యని కొందఱు. బలమునకు టానిక్కులు త్రాగితిని. రాత్రి నీ నిద్ర యెట్లున్నదని అడిగినవారు లేరు. అడిగినను నేనేమి చెప్పగలదానను? నిద్రలో తన యూపిరి ఆగిన సంగతి చాలమందికి తమంతట తెలియదు. అది తఱచు ప్రక్కనున్నవారు చెప్పవలసినదే.

చెప్పినది నా చెల్లెలు. విజయవాడలో ఒక పెండ్లికి పోయినప్పుడు మేమిద్దఱము ఒకే గదిలో పడుకొంటిమి. ఉదయమున కాఫీ త్రాగుచు, "అక్కా, రాత్రి నీకు ఊపిరి ఆగిపోయిందే! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. లేపుదామని చెయ్యి వేసేలోగా గుర్రుమని మళ్లీ పీల్చావు. మళ్లీ ఆగింది. గంటసేపు కూర్చుని చూశాను" అనెను. ఇంటికి వచ్చి మా వారితో ఈ మాట చెప్పగా వారు తల వంచుకొనిరి. వారికి పదేండ్లుగా తెలియును. ఉక్కగా నున్నదనియు, నడుము నొప్పి యనియు చెప్పి వారు హాలులో పడుకొనుటకు కారణము నా గుఱకయే. "నీకు గురక వస్తుందని ఎలా చెప్పను? నొచ్చుకుంటావనుకున్నాను" అనిరి. వారి దయను నేను శంకింపను. కాని ఆ దయ పదేండ్లపాటు నా గుండెపై బరువై కూర్చుండెను. పురుషులకు ఈ యిబ్బంది తక్కువ. వారి గుఱకను భార్యలు ఊరంతయు చాటుదురు గనుక ఏదో యొకనాడు వైద్యుని యొద్దకు నడిపింపబడుదురు. స్త్రీలు వైద్యునితో గుఱక మాట యెత్తరు. అలసట యనియు తలనొప్పి యనియు నిద్ర పట్టదనియు చెప్పుకొందురు. దానికి తగినట్లు వేఱు మందు చీటీ వచ్చును. ముట్లుడిగిన పిదప ఈ జబ్బు స్త్రీలలో హెచ్చుననుట వైద్యులు ఎఱిగినదే యైనను, అడుగవలసిన ప్రశ్న మాత్రము తఱచు మఱుగున పడుచున్నది.

నిద్రపరీక్షకు ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకొంటిని. తలకు, కన్నుల ప్రక్కలకు, గడ్డమునకు, కాళ్లకు తీగ లంటించి, ఱొమ్మునకు పొట్టకు పట్టీలు చుట్టి, ముక్కు క్రింద సన్నని గొట్టము పెట్టి, రక్తములోని ప్రాణవాయువును కొలుచు క్లిప్పును వ్రేలికి తగిలించిరి. ఇన్ని బంధములలో నిద్ర పట్టునా యనుకొంటిని. పట్టెను, నా నిద్రలేమి అంత గొప్పది! లెక్క చూడగా గంటకు 38 మార్లు ఊపిరి ఆగుటయో, సన్నగిల్లుటయో జరిగినది. ప్రాణవాయువు నూటికి 76 వఱకు దిగినది. పది సెకండ్లు గాని అంతకు మించి గాని ఊపిరి తడబడినచో దానిని ఒకటిగా లెక్కింతురు. అట్టివి గంటకు 5 లోపు ఉన్నచో జబ్బు లేనట్లు. 15 వఱకు స్వల్పము, 30 వఱకు మధ్యమము, ఆపైన తీవ్రము.

జరుగునదేమో నాకు వైద్యురాలు చెప్పినదానిని నా మాటలలో చెప్పెదను. పల్లెటూరి పిల్లలు బొప్పాయి ఆకుకాడతో నీళ్లు పీల్చుట మీరు చూచియుందురు. కాడ పచ్చిగా నున్నంత సేపు నీరు వచ్చును. వాడిన పిదప గట్టిగా పీల్చినకొలది అది లోపలికి అంటుకొని పోవును. మన గొంతు గొట్టమునకు ఎముక ఆధారము లేదు. కండరములే దానిని తెఱచి యుంచును. నిద్రలో కండరములు సడలును, నాలుక వెనుకకు జాఱును. కొందఱికి దారి యిఱుకై గుఱక వచ్చును. నా వంటివారికి పూర్తిగా మూసికొని పోవును. ఱొమ్ము మాత్రము పీల్చుచునే యుండును. ప్రాణవాయువు తగ్గగా మెదడు ఉలికిపడి నిద్రను చెదరగొట్టి గొంతును తెఱపించును. ఆ తెఱచుకొనునప్పటి చప్పుడే మనము గాఢనిద్ర యని మెచ్చుకొను పెద్ద గుఱక. ఇట్లు రాత్రికి వందల మార్లు లేచుచు, ఒక్కటియు జ్ఞాపకము లేక, ఎనిమిది గంటలు పడుకొంటి ననుకొని మనుష్యుడు లేచును.

ఈ జబ్బును వైద్యశాస్త్రము సరిగా గుఱుతించినది 1965లో. ఫ్రాన్సులోను జర్మనీలోను వేఱువేఱుగా పరిశోధకులు కనుగొనిరి. తరువాత చాలకాలము తీవ్రరోగులకు గొంతు క్రింద రంధ్రము చేసి దానిగుండా ఊపిరి తీయించుటయే గట్టి చికిత్స. 1980లో సిడ్నీ నగరమున కోలిన్ సలివన్ అను వైద్యుడు, అట్టి శస్త్రచికిత్స వలదన్న రోగి ముక్కునకు మాస్కు అమర్చి, గాలిని కొంచెము ఒత్తిడితో లోనికి పంపి చూచెను. గొంతు మూసికొనలేదు. మఱుచటి యేడు ఆ ఫలితము లాన్సెట్ పత్రికలో వెలువడెను. తొలి యంత్రములు ఇండ్లు ఊడ్చు వాక్యూమ్ క్లీనరు మోటార్ల వంటి వానితో చేసినవి. మాస్కును ప్రతి రాత్రియు ముఖమునకు జిగురుతో అంటించి ఉదయమున కడిగివేయవలసి వచ్చెడిది. ఆ తొలి రోగుల ఓర్పును తలచుకొన్నప్పుడు నా సణుగుడు నాకే చిన్నదిగా తోచును.

యంత్రము చేయునది ఇంతియే: గది గాలినే పీల్చి, వడకట్టి, కొంచెము ఒత్తిడితో పంపును. ఆ ఒత్తిడిని నీటి ఎత్తుతో కొలుతురు. నాకు తొమ్మిది సెంటీమీటర్లు. అనగా గొట్టములో జానెడున్నర కాదు, జానెడు గూడ లేని నీరు అడుగున ఒత్తునంత. ఆ కొంచెపు గాలియే గొంతులో కనబడని ఊతకఱ్ఱయై నిలుచును. ఇది ప్రాణవాయువు సిలిండరు కాదు. ఈ మాట చుట్టుప్రక్కల వారికి నమ్మకము కలుగునట్లు చెప్పుట కష్టమైనది. 2021లో కరోనా వార్డుల నుండి మన యూళ్లకు చేరిన మాటలలో మాస్కు, బైపాప్, వెంటిలేటరు అనునవి మృత్యువు పేళ్లవలె మిగిలిపోయినవి. నా మంచము ప్రక్క గొట్టమును చూచిన పొరుగింటావిడ కన్నీళ్లు పెట్టుకొని, పిల్లలకు కబురంపితిరా యని మా వారిని అడిగెను.

మొదటి వారము కష్టమే. గాలి ఎదురు తన్నుచున్నట్లుండి ఊపిరి విడుచుటకు భయము వేసెను. నోరు తెఱచినచో గాలి నోటిగుండా బయటికి పాఱెను. పొట్టలోనికి గాలి పోయి ఉబ్బరము, ముక్కుమీద ఎఱ్ఱని గీతలు, ఎండిన గొంతు. రెండవ రాత్రి ఒంటిగంటకు ఊడదీసి పాఱవేసితిని. నిద్రాశాలలోని అమ్మాయి చెప్పిన ఉపాయము పనిచేసెను: పగటిపూట కూర్చుండి, మేలుకొని, మాస్కు పెట్టుకొని ఏదో పుస్తకము చదువుకొనవలయును. భయపడునది నిద్ర కాదు, మెలకువయే గనుక దానికే మొదట అలవాటు చేయవలయును. ఒత్తిడి మెల్లమెల్లగా హెచ్చు ఏర్పాటు యంత్రములోనే యున్నది. తేమ కొఱకు దాని గిన్నెలో డిస్టిల్డు నీరు పోయుట, రాత్రి ముఖమునకు నూనెగాని క్రీముగాని పూయకుండుట, జడను పట్టీ క్రిందికి రాకుండ ప్రక్కకు వేసికొనుట, ఇవన్నియు నెల దినములకు చేతికి వచ్చినవి. వేసవిలో కరెంటు పోవుటయే పెద్ద శత్రువు. ఇంట్లో ఫ్యానునకున్న ఇన్వర్టరు ముందీ యంత్రమునకు కలిపితిమి.

చెప్పక తప్పని చిక్కు మఱొకటి: ముక్కుపుడక. మాస్కు అంచు సరిగా దాని మీదనే కూర్చుండును. గాలి ఈలవేయుచు కంటిలోనికి పోవును, ముక్కు ఒఱసికొని పుండు పడును. తీసి పెట్టెలో పెట్టితిని. ఎనుబది దాటిన మా అత్తయ్య గుండె గతుక్కుమనెను. "పడకమీదికి పోతూ ముక్కుపుడక తీస్తారటమ్మా? మా కాలంలో స్నానానికి కూడా తీసేవాళ్లం కాదు" అనెను. నేను బదులు చెప్పకముందే మా వారు, "అమ్మా, ఆ పుడక నా ఆయుష్షు కోసమే కదా? ఇది ఆవిడ ఆయుష్షు కోసం. రాత్రి ఇది, పగలు అది" అనిరి. అత్తయ్య మూడు దినములు నాతో ముక్తసరిగా మాటాడెను. నాలుగవనాడు, "నాకూ గురక వస్తుందటగా, ఆ అమ్మాయికి నన్నూ చూపిస్తావా?" అని అడిగెను. ఆ తల్లి ఎన్ని యేండ్లుగా పగలెల్ల కునుకుచు, సోమరి యనిపించుకొన్నదో!

యంత్రమునకు నాకైన వ్యయము నలువది యైదు వేల రూపాయలు. ఒక ఉంగరమునకు పెట్టు వ్యయము వంటిదే అది. అయినను ఉంగరము కొనునప్పుడు రాని తర్జనభర్జన దీనికి వచ్చినది. తగ్గించుకొనుమనిరి, ఆగుమనిరి, ఆసనములు వేయుమనిరి. బరువు తగ్గుట మంచిదే, నేను ప్రయత్నించుచునే యున్నాను. కాని గంటకు 38 మార్లు ఆగు ఊపిరిని పెట్టుకొని ఎన్నాళ్లు ఆగవలయును?

ఫలితమును పెంచి చెప్పను. ఉదయపు తలనొప్పి మూడవ వారమునకు పోయినది. రాత్రి లేచుట ఒక్కసారికి తగ్గినది. జవాబుపత్రములపై సిరా చుక్కలు పడుట లేదు. రక్తపుపోటు కొంత దిగినది గాని మాత్రలు మానలేదు. ఇది జబ్బును మాన్పదు. పెట్టుకొన్న రాత్రి ఆపును, పెట్టుకొనని రాత్రి అది మరల వచ్చును. 2016లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధన, గుండె జబ్బో మెదడు రక్తనాళముల జబ్బో మునుపే యున్న 2,700 మందిని గమనించి, యంత్రము వాడినవారికి పగటి నిద్రమత్తు తగ్గెను, మనసు తేటపడెను గాని గుండెపోటులు తగ్గలేదని చూపినది. వారు సగటున రాత్రికి మూడు గంటలకు కొంచెము మించి మాత్రమే వాడిరట. నా యంత్రము నా లెక్కను దాచదు. మొదటి నెల సగటు రెండుగంటల ముప్పావు, ఇప్పుడు ఆఱుగంటలు.

మా పాఠశాలలోని సహోపాధ్యాయురాలి కుమార్తెకు ఇరువది యేడేండ్లు, మంచి యుద్యోగము. ఆ పిల్లకును ఇదే జబ్బు తేలినది, ఇదే యంత్రము వ్రాసియిచ్చిరి. సంబంధములు చూచుచున్నారు గనుక, పెండ్లి అయిన పిదప కొందమని తల్లి నిశ్చయము. "మిషను పెట్టుకుని పడుకునే పిల్లని ఎవరు చేసుకుంటారండీ? చప్పుడు రాకుండా, కనబడకుండా ఉండేది ఏమైనా దొరుకుతుందా?" అని నన్ను అడిగెను. పెండ్లికి ముందు దాచినది పెండ్లినాటి రాత్రియే వినబడునని నేనంటిని. పెండ్లివారిని మా యింటికి తీసికొని రమ్ము, నా యంత్రము చూపి నేనే చెప్పెద నంటిని. ఆమె నవ్వి మాట మార్చెను. మొన్న ఆదివారము ఆ పిల్ల ఒక్కతెయే వచ్చినది. కొత్త మాస్కుల రకములు అడిగి తెలిసికొని, పట్టీలు ఎంత బిగింపవలయునో, గిన్నెలో నీరు ఎంతవఱకు పోయవలయునో కాగితముపై వ్రాసికొని పోయినది. యంత్రము ఇంకను కొనలేదు.