ఊరు: ఎం.పల్లి, తాలూకా: చేవెళ్ల

సెకండ్ ఇయర్ ఎండాకాలం సెలవుల్లో ఏం చేశావంటే మా క్లాసులో అందరి దగ్గరా ఒక జవాబు ఉంది. ఇంటర్న్‌షిప్, పైథాన్ కోర్సు, లేకపోతే నిద్ర. నేను నలభై దాటిన ఒకావిడ వాళ్ల కన్నతల్లిని వెతుక్కుంటుంటే తోడు తిరిగాను. క్లబ్ వాళ్లు దాని మీద రాయమన్నప్పుడు ముందు ఆవిడనే అడిగాను. "నా పేరు, దేశం పేరు రాయకు. ఊరి పేరు అసలే రాయకు. మిగతాది నీ ఇష్టం" అంది. అందుకే ఇందులో అక్క అనే రాస్తున్నా. నేను పిలిచేదీ అలాగే.

మా సీనియర్ అన్న ఒకరు ఎమ్మెస్‌కి యూరప్ పోయాడు. అక్కడ పరిచయమైన అక్క, "నేను కూడా మీ హైదరాబాద్ దగ్గరే పుట్టాను" అని ఒక జిరాక్స్ కాగితం చూపించిందట. అందులో చేవెళ్ల అనే మాట చూసి అన్న నాకు మెసేజ్ పెట్టాడు. "మీ ఊరే కదా, కొంచెం చూడు."

చూడ్డానికి అందులో ఉన్నదే ఒక్క పేజీ. ఇంగ్లిష్‌లో టైపు కొట్టింది. ఆడపిల్ల, వయసు సుమారు రెండు నెలలు, 1982. పుట్టిన చోటు: ఎం.పల్లి, చేవెళ్ల తాలూకా. తల్లిదండ్రుల గడిలో ఒక్కటే మాట, "వదిలేశారు" అని. కింద సంతకం ఎవరిదో చదవరాదు. దాంతో పాటు ఒక కోర్టు ఆర్డరు. ఆ పిల్లను పంపిన సంస్థ ఇప్పుడు లేదు.

కోర్టు ఆర్డర్లో దత్తత అనే మాటే లేకపోవడం చూసి నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చదివితే తెలిసింది. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు మాత్రమే. విదేశీ దంపతులకు పిల్లల్ని ఇవ్వడానికి అప్పట్లో మన దగ్గర చట్టమే లేదు. అందుకని 1890లో బ్రిటిష్ వాళ్లు చేసిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వాళ్లను గార్డియన్లుగా పెట్టి, పిల్లను పంపేవాళ్లు. దత్తత అక్కడికి పోయాక జరిగేది. ఇందులో మోసాలు జరుగుతున్నాయని 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే వకీలు సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ భగవతి తీర్పు ఇస్తూ ఎవరు పంపాలి, ఎలా పంపాలి అని నియమాలు పెట్టారు. 1990లో 'కారా' అనే కేంద్ర సంస్థ వచ్చింది. ఇవన్నీ వచ్చేసరికి అక్క బడికి పోతోంది, మైనస్ డిగ్రీల చలిలో.

ఇక ఊరు. తాలూకా అని ఉంది కదా, అక్కడే మొదటి చిక్కు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. కాబట్టి 1982లో చేవెళ్ల తాలూకా అంటే ఇప్పటి చేవెళ్ల ఒక్కటే కాదు, మన కాలేజీ ఉన్న మొయినాబాద్ దిక్కు కూడా వెతకాలి. నా బీటెక్ ఇక్కడ కాస్త పనికొచ్చింది. సెన్సస్‌లో ఉన్న ఊళ్ల పేర్లన్నీ ఒక ఫైల్లో వేసి, ఎం.పల్లికి దగ్గరగా వినిపించేవి ఏరడానికి ప్రోగ్రామ్ రాశా. సౌండెక్స్ అని ఒక పద్ధతి ఉంటుంది, ఇంగ్లిష్ పేర్ల కోసం చేసింది. మన ఊళ్ల పేర్ల ముందు అది చేతులెత్తేసింది. ట, త ఒకటే అనుకో, అచ్చులు వదిలెయ్ అని నేనే రూల్స్ రాసుకుంటే తొమ్మిది ఊళ్లు మిగిలాయి. గర్వంగా ప్రింటు తీసి మా పెద్దమ్మకు చూపించా. చేవెళ్ల దగ్గర అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరైన మనిషి. రెండు నిమిషాలు చూసి, "పట్నంల కూసున్న గుమాస్తాకు అన్నీ పల్లెలే బిడ్డా. గూడ అయినా పల్లే, తండా అయినా పల్లే" అని ఇంకో నాలుగు ఊళ్లు చేర్చింది, ఐదు కొట్టేసింది. నా ప్రోగ్రామ్ కథ అంతటితో సరి.

డీఎన్ఏ సంగతి కూడా అందరూ అడుగుతారు కాబట్టి చెప్తా. అక్క ఎప్పుడో టెస్టు చేయించుకుంది. తల్లికీ బిడ్డకీ సగం కలుస్తుంది, మేనత్త మేనమామ పిల్లలతో ఎనిమిదో వంతు, అట్లా తరం దూరమైన కొద్దీ పల్చబడుతుంది. లెక్క బాగానే ఉంది కానీ, అటు వైపు కూడా ఎవరో ఒకరు ఉమ్మి ఇచ్చి ఉండాలి కదా. చేవెళ్లలో టమాటా పండించే రైతు అమెరికా కంపెనీకి ఉమ్మి ఎందుకు పంపిస్తాడు? అక్కకు దొరికిన బంధువులంతా దూరపు దూరం, తరాలు దాటిన వాళ్లు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన దత్తపుత్రికకు తన మూలాల కోసం కారాకు దరఖాస్తు పెట్టుకునే హక్కు ఉంది. కానీ ఆ హక్కు కన్నతల్లి గోప్యతను దెబ్బతీయకూడదు. ఆమె తరఫున మూడో మనిషి వెతకడానికి వీల్లేదు. అంటే నేను వెతకకూడదు. అక్క దరఖాస్తు అక్కే పెట్టుకుంది. అక్క లేకుండా నేను ఎవర్నీ ఏదీ అడగలేదు. నా పని నోరు అరువివ్వడం, అంతే. కోపమొచ్చే రూలే ఇది. తెలుగు రాని మనిషి ఒంటరిగా ఊళ్లోకి వచ్చి ఏం అడుగుతుంది? కానీ పెద్దమ్మ మాట విన్నాక కోపం సగం తగ్గింది.

"ఆ తల్లికి అప్పుడు పద్దెనిమిదేండ్లు ఉండొచ్చు. పెండ్లి కాకపోయి ఉండొచ్చు, మొగడు పోయి ఉండొచ్చు, నాలుగో ఆడపిల్ల అయి ఉండొచ్చు. ఇప్పుడామెకు మనుమలు, మనుమరాండ్లు. మీరు కారేస్కొని పోయి రచ్చబండ కాడ ఫోటో చూపిస్తే పొద్దుగూకేసరికి ఊరంతా తెలుస్తది. మీరు పోతరు. ఆమె ఆడనే బతకాలె కద?"

ఇది అక్కకు మొత్తం అనువదించి చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. అక్క చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తనే ఒక నియమం పెట్టింది. "ఎవరు ఇచ్చారు" అని ఎక్కడా అడగొద్దు. "ఆ రోజుల్లో కాన్పులు ఎవరు చేసేవాళ్లు" అని మాత్రమే అడుగుదాం. నాలుగు రోజులు అట్లాగే తిరిగాం, ఆర్టీసీ బస్సుల్లో, ఆటోల్లో. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ పోయే రోడ్డు మీద మర్రిచెట్లు చూసి అక్క ప్రతిసారీ ఫోన్ బయటికి తీసేది. తను చిన్నపాపగా పోయింది ఇదే రోడ్డు మీదైతే, వీటి కిందినుంచే పోయి ఉంటుంది కదా అనేది. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని ఎన్నేళ్లుగా కొట్లాట నడుస్తోందో నేను చెప్పా.

ఒక ఊళ్లో హోటల్ దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "తాండూరు కేసోళ్లా?" అన్నాడు. ఇరవై ఏళ్లు దాటినా జనం మరిచిపోలేదు. 1999లో ఒకసారి, 2001లో మళ్లీ, మన రాష్ట్రంలో పిల్లల అమ్మకాలు బయటపడ్డాయి. నల్గొండ, మహబూబ్‌నగర్, రంగారెడ్డి వైపు లంబాడీ తండాల్లో ఆడపిల్లల్ని దళారులు కొద్ది డబ్బులిచ్చి తెచ్చేవాళ్లు. కాగితాల మీద వాళ్లు అనాథలయ్యేవాళ్లు. మన రోడ్డు మీదే ముందుకు పోతే వచ్చే తాండూరు కూడా ఆ వార్తల్లోకి ఎక్కింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ గీతా రామస్వామి గారు అప్పట్లోనే లంబాడీల పరిస్థితి మీద రాశారు. పేదరికం కారణంగా పిల్లల్ని ఇచ్చేయడాన్ని ప్రభుత్వం 2001లో నిషేధించింది.

ఆ కాలంలోనే అమెరికాలో డేవిడ్ స్మోలిన్ అనే లా ప్రొఫెసర్, ఆయన భార్య హైదరాబాద్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. పోయిన కొన్ని వారాలకే ఆ పిల్లలు, మమ్మల్ని మా అమ్మ దగ్గర్నుంచి దొంగిలించారు అని చెప్పారు. తల్లి చదువు కోసం హాస్టల్లో పెట్టాననుకుంది. ఆ తల్లిని కనుక్కోవడానికి ఏళ్లు పట్టింది. అందులో గీతా రామస్వామి గారి సాయం ఉంది. స్మోలిన్ ఆ తర్వాత తన చదువంతా దీని మీదికే మళ్లించి, నల్లడబ్బును తెల్లగా చేసినట్టు పిల్లల్ని కాగితాలతో 'కడగడం' ఎలా జరుగుతుందో రాశారు.

ఇదంతా బస్టాండులో కూర్చుని అక్కకు చెప్తుంటే, "నన్ను కూడా కొన్నారేమో. కొంటే ఎంతకి కొని ఉంటారు?" అంది. మామూలు గొంతుతోనే. 1982 వేరు, 2001 వేరు అని నేను అన్నా. అది నిజమే. కానీ అవునో కాదో ఆ ఒక్క పేజీ చెప్పదు.

మేం పేర్లు విన్న మంత్రసానుల్లో ఇద్దరు పోయారు. మూడో ఆమె మొయినాబాద్ దిక్కు ఒక ఊళ్లో కొడుకు దగ్గర ఉంది. ఎనభై పైనే ఉంటాయి. పెద్దమ్మ, అక్క, నేను పోయాం. కోడలు పొలానికి పోయింది. అదే మంచిదైంది. పెద్దమ్మ నెమ్మదిగా సంగతి చెప్పింది. ముసలామె అక్క చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూసి, "అన్నం మంచిగ పెట్టిన్రా?" అని అడిగింది.

నేను అనువదించా. అక్క "పెట్టారు" అని తెలుగులోనే అంది. అది తనకు వచ్చిన ఇరవై ముప్పై మాటల్లో ఒకటి.

"నేను మస్తు మందిని పట్టిన. ఇచ్చినోళ్లు గూడ ఉన్నరు, ఎందుకు లేరు. పేర్లు నేను చెప్ప. అడిగి చెప్త."

ఎవర్ని అడుగుతుందో మేం అడగలేదు. ఆమెకు ఏమైనా తెలుసో, ఏమీ తెలియక మా మొహాలు చూసి అట్లా అందో కూడా నాకు తెలీదు. ఒకటి మాత్రం అనిపించింది. కారా నిబంధనల్లో పేజీలకు పేజీలు రాసింది ఆమె మూడు మాటల్లో చెప్పేసింది.

వెళ్లే ముందు రాత్రి అక్క ఒక ఉత్తరం రాసింది, నేను తెలుగులోకి మార్చా. చెప్పాలంటే నేను చేసిన కష్టమైన పని ఇదొక్కటే. మొదటి వాక్యంలోనే ఆగిపోయా. నువ్వు అనాలా, మీరు అనాలా? మనం అమ్మను నువ్వు అంటాం. కానీ ఎప్పుడూ చూడని పెద్దావిడను మీరు అంటాం. అక్క భాషలో ఈ తేడా లేదు. వివరంగా చెప్తే రెండు సార్లు మనసు మార్చుకుని, చివరికి "నువ్వే" అంది. ఇంకో చోట కాగితంలో ఉన్న ఆ "వదిలేశారు" అనే మాట వచ్చింది. ఉత్తరంలో దాన్ని ఎలా పెట్టాలి? వదిలేశావు అంటే నింద. ఇచ్చావు అంటే దానం చేసినట్టు. పెద్దమ్మను అడిగితే, "నువ్వు నన్ను పంపినప్పుడు అని రాయ్" అంది. ఆడపిల్లను ఎట్లాగూ పంపుతారు కదా, ఆ మాట ఎవరి కంట పడ్డా తప్పు పట్టరు అని.

ఒక కాపీ దరఖాస్తుతో పాటు కారాకు పోయింది. ఇంకోటి పెద్దమ్మ తీసుకెళ్లి మంత్రసానికి చదివి వినిపించింది. ఆమె రెండోసారి చదవమని, తర్వాత మడిచి వక్కాకు సంచిలో పెట్టుకుందట. దాని మీద పెద్దమ్మ ఫోన్ నంబర్ ఉంది, అక్కది లేదు. ఫోన్ అయితే ఇంకా రాలేదు.

అక్క దసరాకి మళ్లీ వస్తానంటోంది. ఈసారి బతుకమ్మ చూడాలట. కారు మాట్లాడనా అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు, బస్సులోనే పోదాం అంది.