భర్త వెంట్రుక, భార్య చెయ్యి

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నారు మనవాళ్లు. జుట్టు లేని అయ్య ఏం చెయ్యాలో చెప్పిన సామెత మాత్రం నాకెక్కడా తగల్లేదు. ఆ బాధ్యత ప్రయోగశాలలవాళ్లు నెత్తికెత్తుకున్నారు.

అందులో నాకు బాగా నచ్చిన కథ ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయానిది. కోలిన్ జహోడా అనే పరిశోధకుడు తన తలమీది వెంట్రుక కుదుళ్ల అడుగు నుంచి కాసిని కణాలు తీశారు. వాటిని తోటి పరిశోధకురాలూ, భార్యా అయిన అమండా రేనాల్డ్స్ ముంజేతిలో పెట్టారు. కొద్ది వారాలకు అక్కడ వెంట్రుకలు మొలిచాయి! 1999లో నేచర్ పత్రికలో అచ్చయిన సంగతిది. పరాయి ఒంటి కణాలను శరీరం తరిమేస్తుందంటారు. ఆమె చెయ్యి తరమలేదు. పరీక్షిస్తే ఆ కుదుళ్లలో మగవాడి కణాలు ఉన్నాయని తేలింది. భర్త పరిశోధన కోసం ముంజెయ్యి చాపిన ఆ ఇల్లాలి పేరు ఎక్కువమందికి తెలియకపోవడం అన్యాయమే.

ఇంతకీ జుట్టు నాటించుకోవడం ఇప్పటికే ఉందిగా అంటారేమో. అది వెనక మడిలో నారు తీసి ముందు మడిలో నాటడం. ఉన్న నారు చోటు మారుతుందే గానీ, దాని సంఖ్య పెరగదు. వెనక కూడా పలచబడ్డవాడికి ఆ దారీ లేదు. అందుకే కొత్త కుదుళ్లు పెంచాలన్న తాపత్రయం.

కుదురు అడుగున డెర్మల్ పాపిల్లా అనే చిన్న బుడిపె ఉంటుంది. పైనున్న చర్మకణాల చేత వెంట్రుక కట్టించే మేస్త్రీ అదే. మనిషి పాపిల్లా కణాలను గాజు పళ్లెంలో పరిచి పెంచితే సంఖ్య పెరుగుతుంది గానీ, పని మరిచిపోతాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏంజెలా క్రిస్టియానో (తనకు పేనుకొరుకుడు ఉందని ఆమే బాహాటంగా చెప్పారు) జహోడాతో కలిసి ఒక ఉపాయం చేశారు. కణాలున్న ద్రవపు బొట్లను తలకిందులుగా వేలాడదీస్తే, అడుగున అవి ఉండలు కట్టాయి. మరిచిన పని కొంత గుర్తొచ్చింది. ఎలుకల వీపుకు అతికించిన మనిషి చర్మంలో ఆ ఉండలను పెడితే, ఏడింట అయిదుసార్లు వెంట్రుకలు వచ్చాయి. ఇది 2013 మాట. 2022లో జపాన్‌లోని యోకొహామాలో జుంజి ఫుకుదా బృందం ఒంటితో పనే లేకుండా పళ్లెంలోనే కుదుళ్లు పెంచింది. 23 రోజులకు సుమారు 3 మిల్లీమీటర్ల వెంట్రుక. అయితే అవి ఎలుక పిండం నుంచి తీసిన కణాలు.

ఈ వార్తలు రాగానే మన నగరాల్లో జుట్టు మొలిపిస్తామంటూ బోర్డులు లేస్తాయి. నిజానికి బట్టతలకు ఇవాళ గట్టి ఆధారమున్న మందులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మినాక్సిడిల్ అసలు బీపీ మాత్ర. మింగినవాళ్లకు ఒంటినిండా వెంట్రుకలొస్తే, దాన్ని తలకు మళ్లించారు. ప్రయోగశాల కుదురు ఇంకా ఆ వరుసలోకి రాలేదు. కనక ఎవరైనా స్టెమ్‌సెల్ చికిత్స అంటూ అడ్వాన్సు అడిగితే, జుట్టు మొలిచింది ఎలుకకా, మనిషికా అని ముందు అడగండి. జవాబు చెప్పాకే జేబులో చెయ్యి పెట్టండి.