మా బరంపురం ఇంట్లో 2023

ఏడాది ఆఖర్న అందరూ పది మంచి సినిమాలు, పది చెత్త సినిమాలు అని జాబితాలు వేస్తారు. మా ఇంట్లో తొమ్మిది మందిమి ఉన్నాం కాబట్టి తొమ్మిది జాబితాలు అవుతాయి. అందుకని భోజనాల దగ్గర తగువు తేలినంత వరకే ఇక్కడ రాస్తున్నాం.

కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం ఒక మాట. మాది ఒడిశాలోని బరంపురం. స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది, మేం బరంపురం అనే అంటాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. మేం ఎక్కడికీ కదల్లేదు. ఇచ్ఛాపురానికి ఇవతల గీత గీశారు, అంతే.

జనవరి సంగతి త్వరగా తేల్చేస్తాం. సంక్రాంతికి ఇచ్ఛాపురం చుట్టాలింటికి వెళ్లి వాల్తేరు వీరయ్య, వీరసింహారెడ్డి రెండూ చూశాం. రెండింట్లోనూ శ్రుతి హాసనే. వారం తిరక్కుండా ఏ పాట ఏ సినిమాదో మా అమ్మకి కలిసిపోయింది. అదే నెల భువనేశ్వర్, రూర్కెలాల్లో హాకీ ప్రపంచ కప్పు జరిగింది. మన వాళ్లు క్వార్టర్ ఫైనల్ దాకా కూడా రాలేదు, మగపిల్లలు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్ పోయారు. శంకరాభరణం విడుదలైంది కూడా 1980లో అదే తేదీన. రెండు రోజులకే వాణీ జయరాం. ఆ ఆదివారం టీవీ ముందు కూర్చుని ఆ సినిమా మళ్లీ చూశాం. అప్పట్లో ఇక్కడి హాల్లో ఒక్క ముక్క తెలుగు రాని ఒరియా ఇరుగుపొరుగు కూడా మూడేసి సార్లు చూశారని నాన్న చెబుతారు. ఇప్పుడు ‘పాన్ ఇండియా’ అని పోస్టర్ మీద వేసుకుంటున్నారు గానీ, ఆ పని ఒక ముసలి పాటగాడి కథతో ఏనాడో అయిపోయిందని మా అభిప్రాయం.

మార్చి 13 పొద్దున్న నాటు నాటుకి ఆస్కార్ వచ్చింది. మా వీధిలో ఒరియా పిల్లలూ మనవాళ్లూ కలిసే గెంతారు. గర్వంగా లేదంటే అబద్ధం. కానీ ఆ సాయంత్రం మా పదకొండేళ్ల అమ్మాయి నోట్‌బుక్ నానమ్మ చేతికి దొరికింది. పాటంతా ఒరియా అక్షరాల్లో రాసుకుంది! ఒరియా లిపిలో ఎ, ఏలకి తేడా లేదు, ఒ, ఓలకీ లేదు. మెడ అని రాసినా మేడ అని రాసినా ఒకటే. నానమ్మ నవ్వుతూనే చదివింది, తర్వాత కాసేపు మాట్లాడలేదు. “పాట ప్రపంచమంతా ఎక్కింది, ఇంట్లో పిల్లకి అక్షరం ఎక్కలేదేటమ్మా” అంది. ఆ ఒక్క మాట ఏడాది పొడుగునా మా వెనకాలే తిరిగింది.

ఆ నెలలోనే వచ్చిన బలగం మాత్రం తొమ్మిది మందికీ నచ్చిన ఒకే ఒక్క సినిమా. తాత చనిపోతే పిట్ట ముద్ద ముట్టదు, అంతే కథ. తెలంగాణ మాటలు సగం పిల్లలకి అర్థం కాలేదు, కొన్ని మాకూ కాలేదు. చివర్లో బుడగ జంగాల పాట దగ్గర మాత్రం ఎవరికీ ఏ మాటా అడ్డు రాలేదు. మాకు అన్నిటికంటే నచ్చిందేమిటంటే, అందులో ఎవరూ తమ యాసకి సంజాయిషీ చెప్పుకోరు. పాతికేళ్ల కిందట సినిమాల్లో ఆ యాస మాట్లాడితే రౌడీయో నౌకరో అయ్యుండాలి. మరి మా బరంపురం తెలుగుకి ఆ రోజు ఎప్పుడొస్తుందో.

ఇక ఏప్రిల్. మాకు 2023 అంటే ఇదే. బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి జరగాలి. కరోనా వల్ల 2021లో లేదు, అంటే నాలుగేళ్ల తర్వాత అమ్మ బయటికొచ్చింది. బయటి వాళ్లకి ఇది ఒరియా వాళ్ల జాతర అనిపిస్తుంది. కానీ అమ్మవారు గుడి వదిలి వచ్చేది దేశిబెహరా వీధికి, పుట్టింటికి. రాజమహేంద్రవరం వైపు నుంచి మహురి రాజు పిలిపించుకున్న నేతవాళ్లే ఆ పుట్టింటి వాళ్లని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. వాళ్ల పెద్ద అయిన దేశిబెహరా అమ్మవారికి తండ్రి వరస. అంటే ఈ ఊరి దేవత తెలుగింటి ఆడపడుచన్న మాట. నానమ్మకి ఇందులో సందేహం ఏమీ లేదు. “కూతుర్ని చూసొస్తా” అనే ఇంట్లోంచి బయల్దేరుతుంది, గుడికి వెళ్తున్నానని అనదు.

రాత్రిళ్లు ఘటాలు తిరుగుతుంటే వీధిలో నిలబడడానికి చోటుండదు. మొక్కుకున్న వాళ్లు వేషాలు కడతారు. ఒంటి నిండా చారలు పూసుకుని పులివేషాలు, పసిపిల్లలకి కృష్ణుడి వేషాలు. మా మేనల్లుడి కొడుకు కృష్ణుడై, నెమలిపింఛం నోట్లో పెట్టుకుని నమిలేశాడు. వీధి మలుపుల్లో కళాకుంజాలు, అంటే పురాణ కథల బొమ్మల కొలువులు, మనిషెత్తు విగ్రహాలతో. డీజే పెట్టెల్లో నాటు నాటు మోగని సందు లేదు. మా పెద్దాయనకి అది నచ్చలేదు. అమ్మ పుట్టింటికి వచ్చినప్పుడు తెలుగు పాట వినపడితే తప్పేంటని పిల్లలు ఎదురడిగారు. ఈ తగువులో మేం పిల్లల పక్షం, శబ్దం విషయంలో మాత్రం పెద్దాయన పక్షం.

జూన్ 2 సాయంత్రం గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. ఖరగ్‌పూర్‌లో ఉండే మా చిన్నాన్న ఆ కోరమండల్‌లోనే రావాలి, సెలవు దొరక్క మర్నాటికి మార్చుకున్నాడు. ఆ సంగతి మాకు తెలిసేసరికి రాత్రి పది దాటింది. బాలాసోర్ దగ్గర బహనగాలో 290 మందికి పైగా పోయారు. ఆ రైలు మా ఊళ్లో ఆగుతుంది. చిన్నప్పటి నుంచి దాని మీదే పెళ్లిళ్లకీ చావులకీ తిరిగాం. రెండు వారాల తర్వాత ఆదిపురుష్ చూడ్డానికి పిల్లలతో వెళ్తే ఎవరికీ మనసు పట్టలేదు. అయినా ఆ సినిమాకి మా దిగులుతో పని లేదు, దాని పాటికి అదే చెడింది. కళాకుంజంలో మట్టి రావణుడే ఎక్కువ భయపెట్టాడు.

ఆగస్టు 23న చంద్రయాన్ దిగినప్పుడు అందరం లేచి నిలబడ్డాం. మర్నాడు అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు ప్రకటించారు. తెలుగు నటుడికి అది రావడం అదే మొదలు. ఇన్నాళ్లెందుకు పట్టిందని నాన్న అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ఆ నెల 29కి గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టి 160 ఏళ్లు. ఆయన పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన మనిషి, పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఒప్పుకోలేక రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన వెళ్లారు, మేం ఉండిపోయాం. ఉండిపోయిన వాళ్ల తెలుగు ఎలా ఉండాలో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఆదివారం నుంచే నానమ్మ పిల్లలకి పలక పట్టించింది.

అక్టోబరులో విశాఖలో పెళ్లికి వెళ్లాం. “హౌ, వస్తాం” అని మా అమ్మాయి అంటే మగపెళ్లివారి తరఫు ఆవిడ ఒకరు “మీది ఒరియా తెలుగా?” అని నవ్వారు. హౌ అంటే సరే అని, ఒరియా మాటే. నానమ్మ ఆగుతుందా? “మా గుంట బలగం యాస కూడా నేర్చింది, వినిపించమంటారా?” అంది. తర్వాత ఆవిడే పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని ఇంకో నాలుగు మాటలు అడిగి చెప్పించుకున్నారు.

నవంబరులో చంద్రమోహన్ పోయారు. అదే నెల 19న అహ్మదాబాద్‌లో జరిగింది ఇక్కడ రాయం. డిసెంబరు సలార్ మీద ఇల్లు రెండుగా చీలి ఉంది. నానమ్మ చూడలేదు, ఆవిడకి ఆదివారాలు ఖాళీ లేవు. పలక మీద ఒత్తులు మొదలయ్యాయి. మొన్న పిల్ల నోట్‌బుక్ మొదటి పేజీలో పాట పేరు కొట్టేసి, కింద తెలుగులో రాసుకుంది. ‘నా’కి దీర్ఘం కాస్త వంకరగా ఉంది.