చిన్నాయన తుపాకీ

"మీ చిన్నాయన ఇంట్లో తుపాకీ చేస్తాండాడు. నువ్వన్నా వచ్చి చెప్పమ్మా" అని మా వదిన ఫోన్ చేసేసరికి పొయ్యి మీది పాలు పొంగి గట్టంతా పారాయి.

ఇదే మాట ఇంకో ప్రాంతం మనిషి అని ఉంటే నవ్వేసి పాలు తుడుచుకునేదాన్ని. సినిమాలవాళ్లు మా సీమను ఎట్లా చూపించారో మీకు తెలియంది కాదు. నిజం చెప్పాలంటే, మా ఊళ్లో సుమోలు గాల్లోకి లేచిన రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆర్టీసీ బస్సు గుంతలో పడి లేచిన రోజులు మాత్రం కోకొల్లలు. అయినా మా వదిన గొంతులో తుపాకీ అన్న మాట వింటే నవ్వు రాదు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాయన పొద్దున్నే కళ్లం దగ్గరికి పోయి తిరిగి రాలేదు. అందుకే మా అన్న ఇంట్లో దీపావళికి రీలు పిస్తోలు కూడా కొనరు. పిల్లలు కాకరపువ్వొత్తులతో సరిపెట్టుకుంటారు.

మావారికి రెండు రోజులకు సరిపడా పులుసు చేసిపెట్టి, కర్నూలులో కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి మైదుకూరులో దిగేవరకు చిన్నాయనతో ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. చిన్నాయన అంటే మా నాన్నకు తమ్ముడు. సైన్యంలో ఆర్మరరుగా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో, ఇరవైనాలుగేళ్లు ఉండి వచ్చాడు. మా వంశంలో తుపాకీ గురించి తెలిసి మాట్లాడే మనిషి ఆయనొక్కడే. మిగిలినవాళ్లంతా తెలియకుండా మాట్లాడతారు.

వెళ్లేసరికి వసారాలో కడప బండల మీద కూర్చుని చిత్రిక పడుతున్నాడు. చుట్టూ చెక్కపొట్టు. ఒళ్లో ఉన్నది చూపుకు తుపాకీయే, కాని గొట్టం ఉండాల్సిన చోట గుండ్రంగా తోపడం పట్టిన వేపకర్ర ఉంది. యంత్రం ఉండాల్సిన చోట ఇసుక కుట్టిన గుడ్డసంచి ఉంది.

"దీంతో కాకిని గూడ కొట్టలేం పాపా" అన్నాడు నా ముఖం చూసి. నాకు నలభై ఆరేళ్లు వచ్చినా ఆయనకు పాపనే. "గొట్టమూ, యాక్షనూ ఇంట్లో చేస్తే 1959 చట్టం కింద జైలే. ఆ రెండూ లైసెన్సు ఉన్నోళ్లు చేసేవి, లైసెన్సు ఉన్నోళ్లు కొనేవి. కర్రకు మాత్రం ఏ చట్టమూ లేదు."

ఆ కర్ర ఎక్కడిదంటే, పోయినేడు పడగొట్టిన మా పాతమిద్దె తలుపు రెక్క. అరవై డెబ్బై ఏళ్లు ఎండిన టేకు, ఇక వంకర పోదు, ఉబ్బదు. పక్కింటాయన ఎర్రచందనం అయితే బ్రహ్మాండంగా ఉంటుందని సలహా ఇచ్చాడట. నీళ్లలో వేస్తే మునిగిపోయే కర్రతో తేలిక తుపాకీ చేయమన్నవాడికి, పైగా ఫారెస్టువాళ్లను ఇంటికి పిలిపించాలనుకున్నవాడికి ఏం చెబుతాం?

తేలిక తుపాకీ. అదీ ఆయన పట్టుదల. వెయ్యి గజాల పోటీకి పనికొచ్చే రైఫిలు, సన్నపాటి మనిషి మోయగలిగేది, కాగితం మీద లెక్కతో సహా పూర్తిగా తయారుచేయాలి. ఇనుము సంగతి తరువాత. ముందు కర్ర.

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. మా ఊరి ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద నిలబడితే చెరువు అలుగు దాదాపు అంత దూరం. అక్కడ నిలబడ్డ మనిషి ఆడో మగో కూడా నా కళ్లకు ఆనదు. అంత దూరంలో పెట్టిన కాగితాన్ని, దుర్భిణీ లేకుండా, చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టే పోటీలు ఉన్నాయి. నేల మీద బోర్లా పడుకుని కాలుస్తారు. 7.62 మిల్లీమీటర్ల గుండు అక్కడికి చేరేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. వంద గజాలకు సరిచూసిన తుపాకీ అయితే ఈలోగా గుండు దాదాపు పది మీటర్లు కిందికి జారుతుంది. ఆకులు కదిలేపాటి పక్కగాలి వీచినా రెండు మీటర్లు పక్కకు పోతుంది.

"మరి గాలిని ఎట్లా చూస్తారు చిన్నాయనా?"

"ఎండమావుల్లో" అన్నాడు. నేల మీది వేడి ఆవిరి నిట్టనిలువుగా పైకి లేస్తుంటే గాలి లేనట్టు. కుడికి వాలి పారుతుంటే గాలి అటు పోతున్నట్టు. నీళ్లలాగా చదునుగా పరుగెత్తుతుంటే గట్టిగాలి. ఎంత పెద్ద పోటీగాడైనా ఎండమావిని చదవడం నేర్చుకోవాల్సిందే. "మన సీమలో వానలు లేవు, కాలవల్లో నీళ్లు లేవు. ఎండమావులకు మాత్రం ఎప్పుడన్నా కరువొచ్చిందా?" అని నవ్వాడు. చెరువు ఎండిపోయిందని ఏడ్చేవాళ్లను చూశాను గాని, అందులో ఎండమావులు బాగా పారుతున్నాయని సంతోషించే మనిషిని అప్పుడే చూశాను.

ఇక బరువు దగ్గరికి వద్దాం. ఈ దూరపు పోటీల్లో రైఫిలు 6.5 కిలోలు దాటకూడదని నియమం. చాలామంది ఆ హద్దు అంచుదాకా పోతారు, ఎందుకంటే బరువు తుపాకీ కుదురుగా ఉంటుంది. మా చిన్నాయన అయిదు కిలోల్లో ముగించాలంటాడు. అంత కష్టం ఏముంది, అంతటా కాస్తకాస్త గీకేస్తే పోలా అనుకున్నాను. వంటింట్లో పప్పు పలచన చేసినంత సులువు కాదట. పుట్టిలోంచి గట్టు మీదికి దూకితే పుట్టి వెనక్కి పోతుంది కదా, పుట్టి ఎంత చిన్నదైతే అంత జోరుగా పోతుంది. తుపాకీ తేలికైనకొద్దీ అదే గుండు భుజాన్ని అంత గట్టిగా తంతుంది. పోనీ గొట్టం సన్నం చేద్దామా అంటే, పదిహేను గుళ్లు వరసగా పేల్చేసరికి వేడెక్కి దారి తప్పుతుంది. గొట్టాన్ని లావుగానే ఉంచి పొడుగునా గాళ్లు తోడతారు, బరువు తగ్గుతుంది, బిగువు పోదు. చివరికి మనం నిజంగా చేయి పెట్టగలిగేది కర్ర మీదే. ఆయన నోటుపుస్తకంలో ఉంది లెక్క: గొట్టం 2.2, యాక్షన్ 1.1, గురిచూసే సామాను, పట్టీ కలిపి 0.6, కర్ర 1.1. మొత్తం అయిదు.

కర్రలోనూ ఎక్కడపడితే అక్కడ తీయకూడదు. యాక్షన్ కూర్చునే చోట వెంట్రుకవాసి సందు ఉండకూడదు, గొట్టం కింద మాత్రం సందు ఉండి తీరాలి. గొట్టం కర్రను తాకితే చాలు, వానకు కర్ర ఉబ్బినప్పుడల్లా గురి మారిపోతుంది. చిన్నాయన పదిరూపాయల నోటు తీసి వేపకర్రకూ టేకుకూ మధ్య దూర్చి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా లాగి చూపించాడు. ఒకచోట ఆగింది. అక్కడ ఉప్పుకాగితం వేసి రుద్దాడు. మళ్లీ నోటు. మళ్లీ ఉప్పుకాగితం. మా నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు కూడా ఇంత ఓపిక చూడలేదు.

"ఇంతకీ ఎవరికి ఇదంతా?" అన్నాను, ఎవరికో తెలిసే.

మా అన్న కూతురికి. పదోతరగతి. కడపలో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, పది మీటర్లది. దానిలో పది పాయింట్లు ఇచ్చే చుక్క అర మిల్లీమీటరు, మన వాక్యం చివర పెట్టే చుక్కంత. హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ ఆటలోనే. ఆ ఎయిర్ రైఫిలు 5.5 కిలోలదాకా ఉండొచ్చు. మా పిల్ల ఎండిన కందికట్టెలాగా ఉంటుంది. ఎత్తి పట్టుకున్న పది నిమిషాలకే చేతులు వణుకుతాయి. తాత చేసిన ఈ కర్రతో బండల మీద బోర్లా పడుకుని రోజూ అరగంట ఊపిరి లెక్కపెట్టుకుంటూ గురి నిలపడం సాధన చేస్తోంది. పట్టీ బిగిస్తే బరువు కండల మీద కాదు, ఎముకల మీద ఆనుతుందట. పడుకుని కాల్చే పోటీలో మగవాడి బలం గొప్ప ఏమీ ఉండదని తాతా మనవరాలూ ఒకే గొంతుతో నాకు పాఠం చెప్పారు.

వింటున్నాను గాని నా మనసు వేరే చోట ఉంది.

1998లో నేను కర్నూలులో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో ఉన్నాను. నవ్వకండి, ఇప్పటి ఈ శరీరాన్ని చూసి అంచనా వేయొద్దు. ఇరవైఅయిదు గజాల దగ్గర పాయింట్ టూ టూ రైఫిల్‌తో మొదటిరోజు రెండు కళ్లూ మూసుకుని కాల్చాను. నాలుగోరోజుకు అయిదు గుళ్లూ ఒక రూపాయి బిళ్ల కింద దాక్కున్నాయి. పై క్యాంపుకు ఎంపిక చేశారు. అప్పుడు సెలవులో వచ్చి ఉన్న మా చిన్నాయన నా మణికట్టు పట్టుకుని మా నాన్నతో అన్నాడు: "చూడన్నా, చేతిలో పిడికెడు ఎముక లేదు. నాలుగు కిలోల తుపాకీ ఈ పిల్ల మోసేది కాదు. భుజం పోతే రేపు పెండ్లెట్ల చేస్తావు?" తెలిసినవాడు చెప్పాడు కదా అని మా నాన్న ఫారం మీద సంతకం చేయలేదు. నేను అన్నం మానేసి రెండు రోజులు ఏడ్చి, మూడోరోజు ఒక కథ రాశాను. అది అచ్చయింది. అందరూ పోయిన దానికంటే వచ్చిందే గొప్పదన్నారు. కావచ్చు. ఆ రూపాయి బిళ్ల కాగితం మాత్రం నా బీరువాలో ఇప్పటికీ ఉంది.

ఇరవై ఏడేళ్లుగా అడగని మాట ఆ వసారాలో అడిగేశాను. "నా మణికట్టు సన్నమన్నావు, గుర్తుందా?"

చిన్నాయన రెండుసార్లు చిత్రిక పట్టాడు. పొట్టు ఊదేశాడు. "గుర్తుండాది. అప్పుడు నా చేతిలో ఉలి లేక కాదు పాపా. సర్కారు తుపాకీ కర్ర మీద గీటు పడితే ఊరుకోరు. కర్రను ముట్టుకోగూడదు గదా, అందుకని పిల్లను చెక్కేస్తిమి."

నేను ఏమీ అనలేదు. నాలుగు నవలలు రాసినదాన్ని, ఒక్క మాటా దొరకలేదు. ఆయన మీద కోపం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. కొంచెం ఉంచుకున్నాను, నాదే కదా.

సాయంత్రం వదినతో వంటింట్లో కూర్చున్నాను. మాన్పించమని పిలిచిన మనిషికి నేను ఇంగ్లండు కథ చెప్పడం మొదలుపెట్టాను. 1860లో అక్కడ ఈ దూరపు పోటీలు మొదలైనప్పుడు మొదటి గుండు విక్టోరియా మహారాణి పేల్చింది. ఆమె తుపాకీ మోయలేదు, భుజానికి ఆనించలేదు. ముందే గురిచూసి దిమ్మకు బిగించిన రైఫిలుకు పట్టుతాడు కట్టి ఇస్తే లాగింది. నాలుగువందల గజాల్లో నడిబొడ్డునే తగిలింది.

"రాణులకు అట్లనే జరుగుతాది" అంది వదిన, చింతపండు పిసుకుతూ.

తరువాత డెబ్బై ఏళ్లకు, 1930లో, బిస్లీ మైదానంలో మార్జొరీ ఫాస్టర్ అనే ఆమె మగవాళ్లందరి మధ్య పడుకుని, ఒక్క పాయింటు తేడాతో ఒక సైనికాధికారిని ఓడించి రాజుగారి బహుమతి గెలిచింది. ఆ బహుమతి గెలిచిన మొదటి ఆడది. తాడు ఎవరూ కట్టి ఇవ్వలేదు. ఇంటి దగ్గర కోళ్లు పెంచుకునేదట.

వదిన చేయి ఆగింది. మా వదినకు పెరట్లో నలభై నాటుకోళ్లు. "ఎన్ని కోళ్లుండేవంట?" అంది.

ఆ లెక్క నాకు తెలియదు. ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "ఆ కాగితం వెనక మనిషి ఉంటాడా?"

చిన్నాయన గుమ్మంలోంచే జవాబిచ్చాడు. వెనక ఉండడు, కింద ఉంటాడు. కాగితం కింద లోతుగా కందకం, ముందర మట్టికట్ట, గోడ. అందులో కూర్చున్న మనిషి తల పైకి రాదు. గుండు తగలగానే కాగితాన్ని దించి, తగిలినచోట గుర్తుపెట్టి మళ్లీ ఎత్తి చూపిస్తాడు. అంతే ఆయన పని.

వదిన చాలాసేపు పులుసులో గరిటె తిప్పింది. "మా నాయనకు అట్లాంటి గోడొకటి లేకపాయె" అంది చివరికి. ఇంకేమీ అనలేదు. మేమూ అనలేదు.

మరునాడు పొద్దున నేను బస్సుకు బయలుదేరుతుంటే వసారాలో మాటలు వినబడ్డాయి. కోళ్లు అమ్మేటప్పుడు తూచే కరెంటు త్రాసు బండల మీద పెట్టి ఉంది. దాని మీద టేకుకర్ర. పక్కన వదిన చతికిలబడి కూర్చుని కళ్లు చికిలించి అంకెలు చదువుతోంది.

"వెయ్యిన్నీ రెండునూర్ల నలభై. ఇంకా నూటనలభై గ్రాములు తీయల్ల మామా" అని, కర్రను ఎత్తి అటూ ఇటూ తిప్పి, మడమ దగ్గర వేలుతో గీత గీసింది. "ఈడ చూడు, శానా ఉండాది. ఈడ తియ్యి."