పోపుగారి కొత్త కోట

ఫ్రాన్సు దక్షిణాన, ఆవిన్యాన్‌కూ ఒరాంజ్‌కూ మధ్య, రోన్ నదికి దాపున షాతోనఫ్-ద్యు-పాప్ అనే చిన్న ఊరుంది. పోపుగారి కొత్త కోట అని ఆ పేరుకు అర్థం. పోపు అంటే మన తాలింపు కాదు సుమండీ, కాథలిక్కుల మతగురువు. 1309 నుంచి 1377 దాకా పోపులు రోము విడిచి ఆవిన్యాన్‌లో ఉన్నారు. వారిలో 22వ జాన్ ఇక్కడ కోట కట్టించారు. 1944లో జర్మన్ సైనికులు పేల్చివేయగా మిగిలింది మొండిగోడే.

మొన్న సెప్టెంబరులో నన్నక్కడికి తీసుకువెళ్ళినవాడు యానాంలో నాతో చదువుకున్న మిత్రుడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి ఆ దగ్గరలోనే స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్ళుగా రమ్మంటూనే ఉన్నాడు. బదిలీ, ఆడిట్, పిల్లల పరీక్షలు... ప్రతిసారీ నాకేదో ఒక అడ్డు.

ద్రాక్షతోట అంటే పందిళ్ళు ఊహించుకున్నాను. అక్కడున్నవి పొట్టి పొదలు. చాలాచోట్ల మట్టే కనబడదు. అన్నీ నది ఒకప్పుడు దొర్లించుకొచ్చిన గుండ్రాళ్ళు. పగటి ఎండ దాచుకుని రాత్రి వదులుతాయట. పదమూడు రకాల ద్రాక్షకు అనుమతి ఉన్నా పెద్దపీట గ్రెనాష్‌దే. కోత చేతులతోనే కోయాలి. హెక్టారుకు 3,500 లీటర్లకు మించి తీయకూడదు. కల్తీ భయంతో 1920లలో బారన్ లెరోయ్ నాయకత్వాన రైతులే కట్టుబాట్లు పెట్టుకున్నారు.

రాత్రి వాడు 1998 నాటి సీసా తెచ్చాడు.

"అమ్మాయి పుట్టిన ఏటిదిరా. రెండు కొన్నాం. ఒకటి దాని పెళ్ళికి తీశాం. ఇది నువ్వొచ్చాకే తీయాలని మీ చెల్లెలు దాచింది."

ఆవిడ పోయి రెండేళ్ళయింది.

అడుగున మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచాడు. నాకు తాగే అలవాటు లేదు. అయినా వద్దనలేకపోయాను. గ్లాసు అంచున ఇటుక రంగు. ఎండు అంజూరం, పాత తోలు, ఎండిన మూలికల వాసన. వగరంతా అణగి మెత్తబడింది. ఒక్క గుటక చాలాసేపు నాలుకను వదల్లేదు. అరగ్లాసుకు గంట పట్టింది.

"ఏళ్ళు గడిచేకొద్దీ బాగుపడుతుందా?" బ్యాంకు బుద్ధితో అడిగాను.

"కొంతకాలమే. తర్వాత దిగిపోతుంది. మీ డిపాజిట్లలా గడువు తేదీ రాసి ఉండదురా," అన్నాడు.

సీసా నాకోసం ఆగింది. దాచిన మనిషి ఆగలేదు. మిమ్మల్నెవరైనా రమ్మని పిలుస్తుంటే, పిల్లల పరీక్షలయ్యాక అనకండి.