గర్మీ ఎక్కడికి పోతుంది?

"సముందర్ లేని హైదరాబాద్‌లో సముందర్ ఎందుకు భాయ్?" మా ఇంటికొచ్చిన మెహమాన్లలో సగం మంది అడిగే సవాల్ ఇది. నా దగ్గర జవాబు లేదు. షౌఖ్‌కి జవాబుండదు. మా దాదా కబూతర్లు పెంచాడు, అబ్బా గులాబీలు పెంచాడు, నేను హాల్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టుకున్నాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. రాళ్లు పోను 170 లీటర్ల నీళ్లు. ఒక జత క్లౌన్ చేపలు, కొన్ని జొయాంథిడ్లు, రెండు మష్రూమ్ కోరల్స్, గొడుగులాంటి లెదర్ కోరల్ ఒకటి.

కొత్తగా షౌఖ్ మొదలైనవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. రీఫ్ కట్టే గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికి ఎంత హిఫాజతో వాటికీ అంతే. "సముద్రంలోంచి నేరుగా తెప్పించాను సాబ్" అని ఎవరైనా దుకాణంలో రాయి చూపిస్తే సలాం చెప్పి బయటికొచ్చేయండి. నా దగ్గరున్నవి మెత్తని రకాలు, ఇంకో షౌఖీన్ ఇంట్లో పెరిగినవాటి ముక్కలు. చేపలు హేచరీలో పుట్టినవి.

ఇక గర్మీ సంగతి. పగడం అంటే రాయి కాదు, మొక్కా కాదు, జాన్‌వర్. దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురముంటుంది. పగడం మేజ్‌బాన్, నాచు మెహమాన్. కానీ ఈ ఇంట్లో వంట చేసేది మెహమానే. ఎండ తీసుకుని ఖానా తయారుచేసి మేజ్‌బాన్‌కి పెడుతుంది. పగడానికి కావాల్సిన తాకత్‌లో ఎక్కువ భాగం అక్కణ్నుంచే. రంగు కూడా చాలావరకు దానిదే. నీళ్లు వేడెక్కితే ఆ నాచు వంట చెడి జహర్ లాంటి పదార్థాలు పుడతాయి. మేజ్‌బాన్ తట్టుకోలేక మెహమాన్‌ని బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. వెంటనే చచ్చిపోదు, ఫాఖా ఉంటుంది. నీళ్లు తొందరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది. లేకపోతే ఖతం. నా డబ్బాలో 26 నుంచి 28 డిగ్రీల మధ్య అంతా ఖైరియత్. 30 దాటితే నాకు నిద్ర పట్టదు.

మాది పైఅంతస్తు కిరాయి ఇల్లు. మే నెలలో స్లాబు పగలంతా తాగిన ఎండని రాత్రంతా మన మీద కక్కుతుంది. దుకాణంలో అడిగితే ఒకటే మాట, చిల్లర్ పెట్టించండి. దాని ధర నా రెండు నెలల కిరాయి. అదొక్కటే అయితే అప్పో సప్పో చేసేవాణ్ని. అడ్డం పడింది వేరే. చిల్లర్ చలిని పుట్టించదు. నీళ్లలోని వేడిని లాగి, తాను మింగిన కరెంటు వేడిని కూడా కలిపి గదిలోకి వదులుతుంది. ఆ గదిలో, అక్వేరియంకి ఆరడుగుల దూరంలో, తఖ్త్ మీద అబ్బా పడుకుంటాడు. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు, బైపాస్ అయింది. ఎండాకాలం జాగ్రత్త అని డాక్టర్ ప్రతిసారీ చెప్పి పంపుతాడు. పగడాల మీది గర్మీ తీసి అబ్బా మీదికి తోలడానికి కిస్తులు కట్టాలా? దుకాణంవాడికి ఈ మాట చెబితే "అయితే ఏసీ కూడా పెట్టించండి" అన్నాడు. ఆ ఏసీ వేడి పక్కింటి కిటికీ వైపు పోతుంది. అక్కడ బాలింత ఉంది.

కాబట్టి దాదీమా దారి పట్టాను. మా దాదీమా సురాహికి తడి గుడ్డ చుట్టి కిటికీలో పెట్టేది. దర్వాజాకి ఖస్ టట్టీ కట్టించేది. అసర్ అయ్యాక ఆంగన్‌లో చిడ్‌కావ్ చేసేది. ఒక్క రంజన్ ఉన్నా చాలు, ఆ సైన్సంతా మన వంటింట్లో ఉన్నట్టే. నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి. నా 170 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే, మొత్తం నీళ్లని 3 డిగ్రీలకు పైగా దించేంత వేడి పోతుంది. అక్వేరియం మూత తీసేసి, చేపలు దూకకుండా సన్నటి జాలీ పరిచి, నాలుగు కంప్యూటర్ ఫ్యాన్లు నీళ్ల మీదికి ఏటవాలుగా బిగించాను. నాలుగూ కలిపి తినే కరెంటు చిన్న ఎల్‌ఈడీ బల్బు కంటే కొంచెం ఎక్కువ, అంతే. గదిలో 35 ఉన్నప్పుడు నీళ్లు 28 దగ్గర నిలబడ్డాయి. అబ్బా మీదికి వేడి రాలేదు. కొంచెం తేమ వచ్చింది. ఏప్రిల్ ఎండలో ఆ తేమ మంచిదే.

దీని ఖర్చు నీళ్లు. రోజుకి ఐదు లీటర్లు మాయమవుతాయి. పోయేది నీరే, ఉప్పు పోదు. నాలుగు రోజులు ఊరుకుంటే 35 ఉండాల్సిన ఉప్పు 40కి దగ్గరవుతుంది. అందుకని రోజూ మంచినీళ్లే నింపాలి, ఉప్పునీళ్లు కాదు. అదీ ఆర్‌ఓ నీళ్లు. పొరుగువాళ్లు ఒకసారి ప్రేమగా ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్ నిండా తెచ్చిచ్చారు. షుక్రియా చెప్పి చీపురు తడపడానికి వాడాం. ఏసీలో రాగి గొట్టాలుంటాయి, రాగి కొంచెం కలిసినా పగడాలకు జహర్. ఇక ఆర్‌ఓ మిషన్ లీటరు మంచినీళ్లిచ్చి అంతకంటే ఎక్కువే పారబోస్తుంది. మా బస్తీకి ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది. అమ్మీ ఒకటే మాటంది. "ఇస్రాఫ్ బేటా." ఆమెది సహీ మాట. అందుకే ఆ పారబోసే నీళ్లకు కింద డ్రమ్ము పెట్టాం. సాయంత్రం డాబా మీద చిడ్‌కావ్ వాటితోనే. స్లాబు చల్లబడితే కింద అబ్బాకీ హాయి, పగడాలకీ హాయి.

స్లాబుకి తెల్ల సున్నం కూడా అప్పుడే వేశాం. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఆ వార్త రాసినప్పటి నుంచి నా మనసులో ఉంది. మకాన్ మాలిక్‌కి సున్నం ఖర్చు నాదే అని చెప్పగానే రాజీ అయ్యాడు. ఇన్నేళ్లలో ఈ ఇంటికి చేసిన పనుల్లో ఇంత లాభం ఇచ్చింది ఇంకొకటి లేదు.

రాత్రి కరెంటు పోవడం వేరే ముసీబత్. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. కదలిక ఆగితే చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. చిన్న ఎయిర్ పంపుకి ఇన్వర్టర్ మీద ఐదు వాట్లు కూడా అక్కర్లేదు కాబట్టి అబ్బా ఫ్యాన్‌తో దానికి పోటీ లేదు. మరీ ఇబ్బందైతే ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన సీసా, మూత బిగించి, తేలేస్తాం. ఒకేసారి నాలుగైదు వేయకూడదు. నీళ్లు ఉన్నట్టుండి చల్లబడడం కూడా పగడాలకు దెబ్బే.

2024 మే నెలలో లక్షద్వీప్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయని సీఎంఎఫ్ఆర్ఐ చెప్పిన వార్త డెస్క్ మీదకొచ్చింది. ఏప్రిల్‌లోనే ప్రపంచమంతా నాలుగోసారి ఇలా జరుగుతోందని అమెరికా సంస్థ నోవా ప్రకటించింది. ఆ దీవులు మన జిల్లాల్లాంటివి కావు. పగడం కట్టిన నేల మీదే ఇళ్లు, మసీదులు, కొబ్బరిచెట్లు ఉన్నాయి. అలల్ని ఆపేది కూడా ఆ రీఫే. గల్ఫ్ సముద్రంలో పగడాలు 34, 35 డిగ్రీలు కూడా ఓర్చుకుంటాయి. కానీ అది వేల ఏళ్ల ఆదత్. లక్షద్వీప్ పగడాలకు అంత టైమ్ ఎవరిస్తారు? ఆ రాత్రి ఇంటికొచ్చి ఫ్యాన్ల ముందు కూర్చుంటే, నా ఐదు లీటర్లు పోసి నేను కాపాడుతున్నదెంత అనిపించింది. అయినా లేచి నీళ్లు పోశాను.

మచిలీపట్నంలో ఉన్న మా ఫుఫీ కొడుక్కి కూడా ఈ షౌఖ్ పట్టుకుంది. ఫ్యాన్ల కిటుకు చెప్పమన్నాడు. అక్కడ పనిచేయదు మియా అన్నాను. మా దగ్గర 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే తడి గుడ్డ 23 దాకా దిగొస్తుంది. మీ సముద్రం ఒడ్డున 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున 30 దగ్గరే ఆగిపోతుంది. జూన్ మొదట్లో మాకూ ఆ కొన్ని రోజులు కష్టమే. వాడు కొన్నాళ్లు ఊరుకున్నాడు. మొన్న మళ్లీ ఫోన్. చిల్లర్ కొనడానికి పైసలు జమ చేశాడట, ఇంట్లో జాగా కూడా చూసుకున్నాడట.

ఆ గదిలో ఎవరు పడుకుంటారని అడిగాను.