పాత ఫోర్‌వీల్‌కు కొత్త టైర్లు

1985లో వచ్చిన మారుతీ జిప్సీని మామూలు కొనుగోలుదారులకు అమ్మడం 2019లో ఆగిపోయింది. అయినా ఎంతోమంది దాన్ని ప్రాణంలా చూసుకుంటున్నారు. కొండలెక్కడానికి పుట్టిన ఆ బండి ఇప్పుడు ఎక్కువగా హైదరాబాద్–కర్నూలు హైవే మీదే తిరుగుతుంటే దానికి ఏ టైర్లు వేయాలి?

మనసు ముందుగా లోతైన గాళ్లున్న మడ్ టైర్ల మీదికే పోతుంది. ఆ ఠీవి అలాంటిది మరి! కానీ తారు మీద వాటికి ఆనే రబ్బరు తక్కువ. హోరు పెరుగుతుంది, వాన తడిలో బ్రేకు పట్టు తగ్గుతుంది, పెట్రోలూ ఎక్కువ ఖర్చవుతుంది. హైవేకి హైవే టెర్రెయిన్ రకమే తగినది. అప్పుడప్పుడు పొలం దాకా వెళ్లేవారికి ఆల్ టెర్రెయిన్ చాలు.

సైజు విషయంలో మాత్రం మొండిగా ఉండాల్సిందే. టైరు పెద్దదైతే స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. జిప్సీలో ఫోర్‌వీల్ వేయగానే ముందు, వెనక ఇరుసులకు శక్తినిచ్చే షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేస్తే చుట్టుకొలతల తేడా వల్ల పుట్టే ఒత్తిడంతా ఆ షాఫ్టులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అందుకే నాలుగూ ఒకేసారి మార్చడం మేలు.

తక్కువ తిరిగే బండికి అరుగుదల కన్నా వయసే పెద్ద శత్రువు. గాళ్లు బాగానే కనిపిస్తాయి, లోపల రబ్బరు గట్టిపడి ఉంటుంది. మే ఎండలో గాలి తగ్గిన అలాంటి టైరుతో వేగంగా వెళ్లడం ప్రాణాలతో చెలగాటం.

టైరు పక్క భాగం మీద 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. డబ్బు చెల్లించే ముందు ఆ నాలుగంకెలు చదవండి. స్టెప్నీ మీదా చూడండి.